కొసరు చుట్టు

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య
గట్టిగా మాట్లాడకూడని షెడ్డు మాదొక్కటే.
అటు సమ్మెట, ఇటు వెల్డింగు,
నడుమ పద్నాలుగు మంది ఆడవాళ్ళం
వెంట్రుక కంటే సన్నని రాగితీగని
ఊపిరి బిగబట్టి చుట్టేవాళ్ళం.
తుమ్మొస్తే తీగ తెగేది.
తెగితే అర్ధరూపాయి కోత.

బోర్డు మీద పెద్ద పేరే ఉండేది,
విజయశ్రీ దూరవాణి పరికరాలు అని.
మాకు మాత్రం చుట్టల కంపెనీ.
ఆ మాట విని ఓ ముసలాయన
పొగాకు చుట్టలు కట్ట ఎంత అంటూ
గేటు దాకా వచ్చేశాడు.

త్రివిక్రమరావు గారు తంతి ఆఫీసు ఉద్యోగం మానుకుని
భార్య గాజులు తాకట్టు పెట్టి
రెండు వైండింగు మిషన్లు తెచ్చాడట డెబ్భై మూడులో.
గాజులు విడిపించాడో లేదో ఎవరం అడగలేదు.
చుట్టకి మూడు వేల రెండు వందల చుట్లు.
"ఒక్కటి తగ్గినా
గుంటూరుకి తిప్పిన నంబరు
తెనాలిలో మోగుతుంది" అని బెదిరించేవాడు.
అబద్ధమని తెలిసేసరికి
చేతులు నమ్మేశాయి.

జ్ఞానసుందరి ఒక్కతే
లెక్క ముల్లు ఆగాక
వేలితో ఇంకో చుట్టు తిప్పేది.
ఏమిటే అది అంటే
"కొసరు" అనేది.
వాళ్ళమ్మ కాళేశ్వరరావు మార్కెట్లో వంకాయలమ్మేది.
కొసరెయ్యని చేతికి బోణీ ఉండదట.

ఊళ్ళోని ఎక్సేంజీలకి సరుకు పంపిన కంపెనీకి
సొంత ఫోను ఏడేళ్ళకి వచ్చింది.
కొబ్బరికాయ కొట్టాం.
మొదటి గంట రాంగ్ నంబరు.
"కోళ్ళ దాణా ఉందాండీ?"
రావుగారు రిసీవరు పెట్టలేదు,
దాణా గురించి పావుగంట మాట్లాడాడు
నిలబడే.

తర్వాత చుట్టలొద్దన్నారు.
అంతా కంప్యూటరన్నారు.
మేం ఎస్టీడీ బూతుల మీటర్లు బిగించడం నేర్చుకున్నాం.
బస్టాండు ముందు అద్దం గదిలో
ఒక కుర్రాడు మాట మింగి
ఎర్ర అంకెలకేసి చూస్తుంటే
తలుపు కొట్టాలనిపించేది,
బాబూ, ఆ అంకెల పరుగు సరిచూసింది
మా మస్తాన్‌బీ,
ఏమీ అనుకోకు.

ఆఖరి ఆర్డరు నూట ఇరవై మీటర్లు.
తిరిగొచ్చినవి నూట పద్దెనిమిది.
ఆ రెండూ ఎక్కడో
ఇంకా ఎవరి మాటల్నో
రూపాయల్లోకి మారుస్తున్నాయనుకుంటాను.
ఆ వేసవిలోనే షెడ్డుకి తాళం పడింది.
రావుగారు బకాయిలన్నీ కవర్లలో పెట్టి ఇచ్చాడు,
చిల్లరతో సహా.

ఇప్పుడు నేను మూడు సందుల అవతల
ఖాదరు పాత సామాన్ల కొట్లో.
ఎక్సేంజి సరుకు బస్తాల్లో దిగింది పోయిన నెల,
దానితోపాటే మా మిషనొకటి, తుప్పు పట్టి.
రాగి కిలో లెక్క.
"కాల్చెయ్ అక్కా, పది నిమిషాల పని."
కాల్చిన రాగి నల్లబడుతుంది, రేటు రాదంటాను.
కొంత నిజమే.
మిషనుకి నూనె పోసి
ఎదురు తిప్పుతున్నాను.

మూడు వేల రెండు వందలు, చుట్ట ఖాళీ.
మూడు వేల రెండు వందలు, ఖాళీ.
పన్నెండు తక్కువ, ఇది నాదే,
పెద్దాడికి జ్వరమొచ్చిన వారం.

నిన్న మధ్యాహ్నం
ముల్లు మూడు వేల రెండు వందల దగ్గర ఆగింది.
తీగ వదల్లేదు.
ఇంకో చుట్టు
బాబిన్‌ని పట్టుకునే ఉంది.

జ్ఞానసుందరి బాపట్ల వైపు వెళ్ళిందని విన్నాను.
నంబరు లేదు.

ఆ చుట్టు దగ్గర తీగ తుంచి
బాబిన్‌ని టిఫిను డబ్బాలో వేసుకున్నాను.
సాయంత్రం ఖాదరు తూకం వేశాడు.
తగ్గినట్టు
కాటా ముల్లుకి తెలీలేదు.